గుసగుసల గల్లీ

మా అత్త ఎల్లవ్వతో నేను రోజూ తగాదా పడతాను. అందులో వింతేమీ లేదు, ఏ ఇంట్లోనైనా ఉండేదే. కానీ గుసగుసగా తగాదా పడే అత్తాకోడళ్ళను మీరెక్కడైనా చూశారా? చూడాలనుంటే సూరత్ వచ్చి, డిండోలిలో మా గల్లీకి రండి. పొద్దున పదకొండు దాటాక రండి, చెప్పులు చేతిలో పట్టుకుని మరీ రండి.

ఆ వేళకు మా ఆయన పరుశురాం నైట్ డ్యూటీ దిగి, ఇంత తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆయన సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా సిరిసిల్ల వైపు సాంచా అంటారు, ఇక్కడా అదే మాట చెల్లుతుంది. మాకున్నది ఒకటే గది. రాత్రంతా సాంచాల మధ్య నిలబడి వచ్చిన మనిషి నిద్ర చెడగొట్టడమంత పాపం మా గల్లీలో మరొకటి లేదు. పక్కింటి కనకవ్వ మొగుడూ అంతే, ఆ పక్కవాళ్ళూ అంతే. ప్రతి గదిలో ఒక మగవాడు పగలు నిద్రపోతుంటాడు. కాబట్టి పగలంతా ఆడవాళ్ళం గుసగుసలాడతాం. గిన్నెలు బోర్లించాలంటే కింద గుడ్డ పరుస్తాం. మిక్సీ సాయంత్రం దాకా ముట్టుకోం. మా లతకు మాటలింకా పూర్తిగా రాకముందే పెదాల మీద వేలు పెట్టుకోవడం వచ్చింది. బడిలో వేస్తే, ఈ పిల్లకు గొంతు లేదా అని టీచరమ్మ నన్ను పిలిపించి అడిగింది.

అటువంటి ఇంటికి ఎల్లవ్వ వచ్చింది. నేను పర్వత్ పాటియాలో చీరల మడతల పనికి కుదిరినప్పుడు, లతను చూసుకోవడానికి ఊరి నుంచి తెచ్చుకున్నాం. ఇప్పుడు నాకు మధ్యాహ్నాలు పని లేదు, పొద్దున్నే వెళ్ళి పదకొండుకల్లా వచ్చేస్తాను, అయినా ఆమె ఉండిపోయింది. ఊళ్ళో నాట్ల ముఠాకు పాట ఎత్తేది ఆమే. ఈ మడిలో ఆమె పాట ఎత్తితే అవతలి ఊరి చెలకలో ఆడవాళ్ళు అందుకునేవారట. మా వాళ్ళు కొంచెం ఎక్కువ చేసే చెబుతారనుకోండి. కానీ మా పెళ్ళిలో ఆమె ఎవరినో పిలిచినప్పుడు బ్యాండువాళ్ళు వాయించడం ఆపి చూసిన మాట మాత్రం నిజం, నేను పీటల మీద కూర్చుని విన్నాను.

ఆ గొంతును తెచ్చి ఈ గదిలో పెట్టి మూత వేశాం.

“కూరల ఉప్పేందే గింత?” అని ఆమె గుసగుసగా అంటుంది. “మొన్న లేదంటివని ఇయ్యాల ఏసిన,” అని నేనూ గుసగుసగా అంటాను. కోపాన్ని గుసగుసలో చెప్పి చూడండి, సగంలోనే నవ్వొస్తుంది. నాకైతే వచ్చేది. ఎల్లవ్వకు రాను రాను నవ్వు రావడం మానేసింది. గడపలో కూర్చుని గల్లీ చివరి వరకూ చూసేది. తెలిసినవాళ్ళు కనబడితే పిలవబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకునేది.

వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు నా చెవి దగ్గరికి వచ్చి అంది, “మంగా, నాకు ఈడ ఊపిరాడ్త లేదే. దసరా ఎల్లినంక నన్ను పెద్దబిడ్డ తాన తోలియ్యుండ్రి.”

“ఏం, మేం తిండి వెడ్తలేమా?” అన్నాను. నాకు భయమేస్తే కోపంగానే మాట్లాడతాను, అది నా జబ్బు.

“తిండికి నోరొక్కటే పనికొస్తదా? నాది మాట్లాడేటి నోరే,” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెతో కొట్లాడకుండా నాకు తెల్లవారదు. ఆమె లేని ఇల్లు నాకు వద్దే వద్దు. ఆ మాట ఆమెతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

మా గల్లీ వెనక గోడకు అవతల ఒక పార్కు ఉంది. ఉంది అంటే, పేరుకు ఉంది. విరిగిన జారుడుబల్ల, నడుముదాకా పిచ్చిమొక్కలు, జనం గోడ మీంచి విసిరేసిన చెత్త. ఆ విసిరినవాళ్ళలో మేమూ ఉన్నాం, దాచడం ఎందుకు. అప్పుడే లీలో చోక్ అనే సంస్థ నుంచి కింజల్‌బేన్ వచ్చింది. లీలో అంటే గుజరాతీలో ఆకుపచ్చ, చోక్ అంటే కూడలి. పాడుబడిన పార్కులను చుట్టుపక్కల జనంతోనే బాగుచేయించడం వాళ్ళ పని. ఎల్లవ్వకు మాత్రం అది ఇప్పటికీ లీలమ్మ చౌకే. లీలమ్మ ఎప్పుడొస్తుందని కింజల్‌బేన్‌ను చాలాసార్లు అడిగింది.

“నేను చేసేది కాదు, మీరు చేసుకునేది. ఆదివారం పొద్దున రండి చాలు,” అని కింజల్‌బేన్ హిందీలో ఇంటింటికీ తిరిగి చెప్పింది. మొదటి ఆదివారం గోడ మీంచి చూసినవాళ్ళే ఎక్కువ. ఎల్లవ్వ మాత్రం చీర చెంగు బొడ్లో దోపి కొడవలి పట్టుకుని దిగింది. ఆమె దిగాక కోడలిని నేను ఆగితే ఏం బాగుంటుంది? నేను దిగాక కనకవ్వ ఆగుతుందా? తర్వాతి ఆదివారం పక్క గల్లీ ఒడియా వాళ్ళు పారలతో వచ్చారు. మొరటు చేతుల సాంచా మగవాళ్ళు మొక్కలు నాటారు, జారుడుబల్ల బాగుచేశారు. నూలు అయిపోయిన కోన్లు మిల్లుల నుంచి మోసుకొచ్చి, రంగులేసి, పాదుల చుట్టూ గుచ్చాం. మచ్చలు పడి పక్కన పారేసిన చీరగుడ్డలను అతికి కుట్టి పెద్ద పందిరి చేసి వేపచెట్ల మధ్య కట్టాం. గాలి వీస్తే ఎరుపూ పసుపూ ఒకేసారి లేచేవి. నా జన్మలో నా చేత్తో కుట్టినదాని కింద నేనే కూర్చోవడం అదే మొదలు. మట్టి కొట్టుకుపోయిన మొహాలతో ఒకరినొకరం చూసుకుని ఎంత నవ్వుకున్నామో చెప్పలేను.

ఇక పగలంతా ఇక్కడే అనుకున్నాం. అంతలో గేటుకు బోర్డు వేలాడింది. పొద్దున పది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి. మధ్యలో తాళం. అన్ని పార్కులకూ అదే పద్ధతి అని తోటమాలి రమణ్‌భాయి చెప్పాడు. మనిషి మంచివాడే, తాళంచెవి చేతిలో ఉన్నవాడు ఏం చేస్తాడు?

ఎల్లవ్వ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. “నీడ ఎండప్పుడు గావాలె. పొద్దుగూకినంక నీడతోని నేనేం జేసుకోను?” అంది. ఇంటికొచ్చి తన బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. దసరా ఇంకా చాలా దూరం ఉంది.

నేను నేరుగా కింజల్‌బేన్ దగ్గరికి పోయాను. నాకొచ్చిన హిందీలో, కోపంలో సగం తెలుగు కలిపి, మా మగవాళ్ళ నిద్ర సంగతి, మా అత్త మూట సంగతి అంతా చెప్పేశాను. ఆమె పార్కుల ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి అక్కడి పెద్దసారు ఒప్పుకున్నాడు, ఒకరోజు మధ్యాహ్నం గేటు తీయించండి, వచ్చి చూస్తాను, జనం నిజంగా ఉంటే అలాగే తీసి ఉంచుదాం, లేకపోతే లేదు.

ఆ రోజు గల్లీ గల్లీ అంతా పార్కులోనే ఉంది. లేసు కుట్టేవాళ్ళు లేసు తెచ్చుకున్నారు, వెల్లుల్లి ఒలిచేవాళ్ళు వెల్లుల్లి తెచ్చుకున్నారు, చంటిపిల్లలు, నడిచే పిల్లలు, అందరూ పందిరి కింద. ఆ పందిరి నీళ్ళ ట్యాంకు వెనక ఉంటుంది, గేటు నుంచి కనబడదు. సారు ఎప్పుడొస్తాడా అని నేను ట్యాంకు పక్కన కాపు కాశాను.

జీపు వచ్చింది. కింజల్‌బేన్ ఎదురువెళ్ళింది. సారు దిగి గేటులో నిలబడి చెవి ఒగ్గాడు. “ఎవరూ లేరు కదా, బేన్?” అన్నాడు హిందీలో.

“వెనక ఉన్నారు సార్, చాలామంది ఉన్నారు, రండి.”

“ఇంతమంది ఆడవాళ్ళు, పిల్లలు ఉంటే ఒక్క మాటైనా వినబడదా?” అని నవ్వాడు. ఈలోగా ఆయనకు ఫోను వచ్చింది. మాట్లాడుతూనే వెనక్కి తిరిగి జీపెక్కాడు.

నేను పందిరి వైపు చూశాను. అప్పుడు అర్థమైంది మేం చేసిన పని. సూర్యుడు నడినెత్తిన ఉంటే మాకు నోరు పెగలదు. ఏళ్ళ తరబడి అలవాటు. తలుపులూ గోడలూ లేని చోట కూర్చుని, అందరం గుసగుసలాడుతున్నాం. కనకవ్వ నవ్వొస్తే చెంగు నోట్లో కుక్కుకుంటోంది. పిల్లలు జారుడుబల్ల మీద నుంచి పెదాల మీద వేలు పెట్టుకుని జారుతున్నారు.

సారును పిలుద్దామని నోరు తెరిచాను. “సార్” అన్న మాట నాకే వినబడలేదు. జీపు వెనక్కి కదులుతోంది. నేను ఎల్లవ్వ వైపు తిరిగి రెండు చేతులూ పిచ్చిదానిలా ఊపాను. జీపు వైపు వేలు చూపించాను. ఆమె లేచింది, కొంగు నడుముకు చుట్టుకుంది.

“ఓ సారో! ఎటు వోతున్నవ్! గింతమందిమి కూసున్నం, కండ్లకు గనవడ్తలేమా? ఓ సారూ!”

వేపచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. రమణ్‌భాయి చేతిలో తాళంచెవుల గుత్తి కింద పడింది. జీపు ఆగింది. లత నోటి మీది వేలు తీసి వాళ్ళ నాయనమ్మను చూసి, తనూ కేక పెట్టింది. ఇక పిల్లలంతా అందుకున్నారు. మూసి మూసి పెట్టుకున్న కేకలేమో, ఆగితేనా! కనకవ్వ చెంగు తీసేసి పడీపడీ నవ్వింది. నాకేమో ఏడుపొచ్చింది.

సారు లోపలికి వచ్చాడు. పందిరి చూశాడు, మమ్మల్ని చూశాడు, ఇందాకటి దాకా ఎందుకంత చప్పుడు లేకుండా ఉన్నారని అడిగాడు. మగవాళ్ళు నిద్రపోతున్నారని చెప్పాను. ఇక్కడ మగవాళ్ళెవరూ లేరు కదా అన్నాడు. అవును కదా అన్నాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. రేపటి నుంచి మధ్యాహ్నం తాళం వేయొద్దని రమణ్‌భాయితో చెప్పి, వెళ్తూ వెళ్తూ ఎల్లవ్వకు దండం పెట్టి, గుజరాతీలో అమ్మా అని పిలిచినట్టు, “బా, రోజూ ఇంత గట్టిగా అరవకండి మరి,” అన్నాడు.

“ఏమన్నడే?” అని అడిగింది ఎల్లవ్వ.

“రోజూ గిట్లనే ఒర్రుమన్నడు,” అన్నాను.

సంతోషం కాస్త చల్లారాక ఇల్లు గుర్తొచ్చింది. పందిరికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ కేకకు పరుశురాం లేచి కూర్చుని ఉంటాడు, ఇవాళ మా పని అయిందనుకుంటూ ఇద్దరం పిల్లిలా ఇంట్లోకి వచ్చాం. ఆయన నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. అంత గాఢంగా పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. దీపాలు పెట్టే వేళకు కుదిపి లేపాల్సి వచ్చింది.

“ఇయ్యాల మస్తు నిద్రవట్టింది,” అన్నాడు ఒళ్ళు విరుచుకుంటూ. “అవ్వ ఒర్లింది గదా?”

అప్పుడు చెప్పాడు. రాత్రంతా సాంచాల దగ్గర ఉండివస్తే చెవుల్లో ఆ మోత ఆగదట. గదిలో చప్పుడు లేకపోతే అది ఇంకా పెరుగుతుందట. రోజూ కళ్ళు మూసుకుని పడుకునే ఉంటాడు, నిద్ర మాత్రం ఏ మధ్యాహ్నం తిరిగాకో.

“మీరు నా కొరకు గంత తిప్పలవడి గుసగుస వెడ్తుంటె, ఎట్ల చెప్పాలె? ఇయ్యాల అవ్వ గొంతు ఇనవడంగనే సాంచలు బందైనయ్. చిన్నగున్నప్పుడు ఒడ్డు మీద పండవెట్టి నాట్లేసేది జూడు, గట్ల అనిపిచ్చింది.”

ఎల్లవ్వ కళ్ళు తుడుచుకుంటుందని నేను అనుకున్నాను. ఆమె తుడుచుకోలేదు. చేతికందిన చీపురు అందుకుంది.

“గిన్నేండ్లు నా నోరు కట్టేస్తివి గదరా, పోరడా! చెప్పనీకి నీకు నోరు లేదా?” అని గల్లీ అంతా వినేలా అరిచింది. కనకవ్వ పరిగెత్తుకొచ్చింది. మూట విప్పుతూ కూడా ఆమె తిట్టడం ఆపలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరం పార్కుకు బయలుదేరాం. పరుశురాం పడుకున్నాడని నేను అలవాటుగా పార్కువైపు కిటికీ మూయబోయాను.

“ఉండనియ్యే, మంగా,” అంది ఎల్లవ్వ. “నా కొడుకు పండుకోవాలె.”