కారు షెడ్డులో కంపు

సత్యవాణికి ఒకసారి అనుమానం వచ్చిందంటే, దానికి మూడు పూటలా అన్నం పెట్టి పెంచుకునేది.

ధవళేశ్వరంలో ఆవిడది రెండంతస్తుల మేడ. పై వాటాలో తబిత అద్దెకుండేది, ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కారు షెడ్డులో కొళాయి దగ్గర స్కూటీ కడుక్కుని, పనిలో పనిగా గచ్చంతా చీపురుతో కడిగేసేది. మార్చిలో ఒక ఆదివారం అదే కొళాయి కింద శీలావతి చేపని కడుగుతూ సత్యవాణి కంట పడింది. మర్నాటికల్లా కొళాయి పిడి ఊడి, సత్యవాణి బీరువాలో చేరింది.

ఏప్రిల్ నెలాఖరుకి షెడ్డులో కంపు మొదలైంది. మూలనున్న తూము జాలీలోంచి వస్తోంది.

"చేపల నీళ్లు చాటుగా ఇందులో పారబోస్తోంది" అని సత్యవాణి తేల్చేసింది. రోజూ పొద్దున్నే జాలీ మీదకి వంగి పొలుసుల కోసం వెతికేది. ఒక్కటీ దొరక్కపోతే, ఎంత జాగ్రత్తగా ఎత్తేస్తోందో అని ఇంకా ఒళ్లు మండేది. తబిత ఆఫీసుకి దిగే వేళకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నిలబడేది. చివరికోరోజు మెట్ల దగ్గర ఆపింది.

"ఒకటో తారీకుకి ఇల్లు ఖాళీ చెయ్యమ్మాయ్. ఈ కంపు మావల్ల కాదు."

"అందులో మేమేం పొయ్యట్లేదండి."

"మరి నేను పోస్తున్నానా?"

తబిత గబగబా మెట్లు దిగి ఆఫీసుకి వెళ్లిపోయింది. చూశావా, నోరు పెగల్లేదు అనుకుంది సత్యవాణి.

కొత్తవాళ్లు వచ్చేలోగా తూము బాగుచేయిద్దామని ప్లంబర్ గణేష్‌బాబుని పిలిచింది. అతను జాలీ ఎత్తి, చెయ్యి పెట్టి గుప్పెడు పొడి ఇసుక తీశాడు.

"పొలుసులున్నాయా?" అంది ఆత్రంగా.

"పొలుసులేంటండి, చుక్క నీళ్లు లేవు! దీని కింద వంపు గొట్టం ఉంటుందండి. ఆ వంపులో ఎప్పుడూ నీళ్లు నిలిచుండాలి. కింద మురుగు గాలికి అవే మూత. అవి ఎండిపోతే కంపంతా పైకి తంతుంది."

ఇసుకంతా తీసేసి రెండు బకెట్ల నీళ్లు పోశాడు. ఎండలకి తొందరగా ఆరిపోకుండా పైన చెంచాడు వంటనూనె వెయ్యమన్నాడు.

"వారానికోసారి గచ్చు కడిగితే ఈ బాధే ఉండదండి. ఇదివరకు కంపు లేదంటే ఎవరో కడిగేవారే, ఎందుకు మానేశారు?"

కాసేపటికి కంపు తగ్గిపోయింది. సిగ్గుతో సత్యవాణి చెవులు వేడెక్కాయి.

పైకి వెళ్లేసరికి తబిత అట్టపెట్టెలకి తాళ్లు కడుతోంది.

"తప్పు నాదేనమ్మా. నువ్వు కడిగినన్నాళ్లూ బాగానే ఉంది. కొళాయి పిడి నేనే తీసేశాను. ఖాళీ చెయ్యొద్దు, ఉండిపో."

తబిత ముడి బిగించి లేచింది.

"ఆ పిడి తీసేసిన రోజే మీ మనసులో ఏముందో తెలిసిందండి. అప్పట్నించీ మా ఇంట్లో చేప వండలేదు. కొత్త ఇంటివాళ్లు ముందే అడిగారు, మీరేం తింటారని. భయపడుతూనే నిజం చెప్పాను."

"ఏమన్నారు?"

"పులుసు పెట్టినప్పుడు మాకూ ఓ గిన్నె పంపమన్నారండి."

సత్యవాణి పెట్టెకి ఓ పక్క చెయ్యి వేసింది. తబిత రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని కిందకి దించారు.