రూబీ నీడ

కుక్కల వ్యాపారం మొదలుపెట్టిన రోజు బీరేష్ దగ్గర ఉన్నవి ఇరవై ఆరు వేలు. నల్గొండలో ఏడాదిన్నర పార్సిళ్లు మోసి మిగిల్చినవి పద్దెనిమిది, అమ్మ తన రెండు మేకపిల్లలను అమ్మి చేతిలో పెట్టినవి ఎనిమిది. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో మూడు నెలల ల్యాబ్రడార్ ఆడ కుక్కపిల్లను కొని, ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని, రామన్నపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలో తెచ్చాడు. రూబీ అని పేరు పెట్టాడు.

బస్సు దిగేలోపే లెక్క పూర్తయింది. ఈతకు ఎనిమిది పిల్లలు, పిల్లకు పదివేలు. గొర్రె ఐదు నెలలు మోసి ఒక్కదాన్ని ఈనుతుంది, కుక్క రెండు నెలల్లో ఎనిమిదింటిని పడేస్తుంది. తాతముత్తాతలు ఇన్నేళ్లూ తప్పు జంతువు వెనక తిరిగారని అతనికి గట్టిగా అనిపించింది.

తండ్రి పరమేష్ మాత్రం ఇంకా ఆ జంతువు వెనకే తిరుగుతున్నాడు. రోజూ పొద్దున దొడ్డి తలుపు తీసి, ఎదురుగోడ దగ్గర బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు. ఎండ అప్పుడే ఏటవాలుగా పడుతుంటుంది. మంద బయటికి పోతుంటే అతను గొర్రెలను చూడడు, గోడ మీద పోయే నీడలను చూస్తాడు. ఏ ఆడగొర్రెకైనా ఒళ్లు నిండి, నీడ మాత్రం ఇంకా చిన్నపిల్లలా గంతులు వేస్తుంటే, దాన్ని పక్కకు లాగి పొట్టేలుకు అందకుండా కట్టేస్తాడు. నీడ ఒంటితో పాటే పెరగాలని ఏమీ లేదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. దాని తీరిక దానిది. అది ఎదగకముందే కడుపొస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది.

బీరేష్ తల్లి పుష్ప నీడకు రెండు జడలుండేవి. పైకి మడిచి రిబ్బన్లు కట్టిన జడలు. పుష్ప నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని నడుస్తుంటే, ఆమె నీడ వెనక ఒంటికాలి మీద కుప్పిగంతులు వేస్తూ వచ్చేది. ఆమె బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతుంటే అది పక్కింటి వాకిట్లోకి పోయేది.

"ఏం పుష్పా, నీ నీడ మళ్ల మా వాకిట్ల తొక్కుడుబిళ్ల ఆడుతాంది. అలుకు ఆరలేదు, జర పిలుసుకో" అని గోడ అవతలి నుంచి సత్తమ్మ అరిచేది.

"ఆడనియ్యి వదినె. దాని కాళ్లకు పేడ అంటుతదా ఏంది" అనేది పుష్ప.

మిగతా పిల్లలు తమ తల్లి ముక్కుపుడకను ఎట్లా చూస్తారో, బీరేష్ తన తల్లి నీడను అట్లాగే చూస్తూ పెరిగాడు. ఎందుకట్లా ఉందని ఎన్నడూ అడగలేదు.

ఎనిమిదో నెలలో రూబీ ఎదకు వచ్చింది. బీరేష్ వెంటనే హుజూర్‌నగర్‌లో మగకుక్కలు పెంచే విజేందర్‌కు ఫోన్ చేశాడు.

"మొదటిసారి కదనే అన్నా, ఏం కాదా?"

"ఏమైతది తమ్మీ? ఇప్పుడు ఇడిస్తె మళ్ల ఆర్నెల్లు ఆగాలె. అంతదాంక ఉత్తగ మేపుతవా? నాకు పైసలు గూడ వద్దు, ఒక పిల్లనియ్యి సాలు."

మర్నాడు పొద్దున తండ్రి దొడ్డి దగ్గరి నుంచి పిలిచాడు. "ఓ బీరేషూ, కుక్కను దీస్కొని గిటు రా. గోడ మీద సూడు."

రూబీ కుదురుగా కూర్చుని ఉంది. మెడ కింద ఒళ్లు నిండి, పెద్దకుక్కలాగే ఉంది. గోడ మీద నీడ మాత్రం జానెడు లేదు. తన తోకను తానే పట్టుకోబోయి, పల్టీ కొట్టి, మళ్లీ లేచి అదే పని మొదలుపెడుతోంది.

"గది ఇంక పిల్లనేరా."

"గొర్రెల శాస్త్రం కుక్కలకు జెప్పకు బాపూ."

వాకిలి ఊడుస్తున్న పుష్ప చీపురు ఆపింది. "ఒక్క ఆర్నెల్లు ఆగరాదు బిడ్డా?"

"ఆర్నెల్ల తిండి ఎంతనో తెల్సా అమ్మా? పన్నెండు వేలు. ఏడికెల్లి తేవాలె?"

"నాకేం తెల్సు. నీకు లెక్కలన్ని వస్తయి" అని ఆమె మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

హుజూర్‌నగర్‌లో రూబీ మంచం కింద దూరింది. విజేందర్, అతని పనివాడు కలిసి బయటికి లాగి పట్టుకున్నారు. తల పట్టుకోవడం బీరేష్ వంతు. అది అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. బీరేష్ దాని కళ్లలోకి చూడలేక నేల వైపు చూశాడు. అక్కడ మగకుక్క నీడ ఒక్కటే పెద్దగా పరుచుకుని ఉంది. రూబీ నీడ దాని కింద లేదు. ప్రహరీ మూలకు పరుగెత్తి, ఇక పోవడానికి జాగా లేక, అక్కడే ముడుచుకుని ఉంది.

"అయిపాయె తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నాడు విజేందర్ చేతులు కడుక్కుంటూ.

రెండు నెలలకు రూబీ ఈనింది. పొద్దున మొదలైన నొప్పులు పొద్దుగూకేదాకా ఆగలేదు. ఏడు పిల్లలు వస్తే మూడింటికి ఊపిరి లేదు. మిగిలిన నాలుగింటిని బీరేష్ గుడ్డతో తుడిచి దాని ముందు పెట్టాడు. రూబీ వాటిని వాసన చూసింది. తోక ఊపింది. తరువాత ఒకదాన్ని మెడ దగ్గర కరిచి పట్టుకుని, రోజూ చెప్పును విదిల్చినట్టే అటూ ఇటూ విదిల్చి, గాలిలోకి ఎగరేసింది. అది కిందపడ్డాక, మళ్లీ విసరమన్నట్టు బీరేష్ ముఖంలోకి చూసింది.

మర్నాడు ఎండ వసారాలోకి వచ్చేసరికి బీరేష్ రూబీని పక్కకు వంచి పట్టుకుని, మిగిలిన మూడు పిల్లలను పొదుగు దగ్గర పెట్టాడు. నేల మీద నాలుగు నీడలు పాలకోసం తోసుకుంటున్నాయి. తప్పు లెక్కపెట్టాననుకుని మళ్లీ చూశాడు. నాలుగే. నాలుగోది రూబీ నీడ. పిల్లలను తలతో నెట్టేసి, తన పొదుగులోనే తనకు చోటు వెతుక్కుంటోంది.

పుష్ప మేకపాలు సీసాలో పోసుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఒక పిల్లను ఒళ్లో వేసుకుని నోటికి పెట్టింది.

"దాన్ని కొట్టకు. దానికి తెల్వది" అంది.

"కొడుతలేనమ్మా."

"నువ్వు పుట్టినంక నేను గంతే. మీ అవ్వ చేనుకాడికి పొయ్యింది. నిన్ను గొర్రెపిల్లలేసె గంప కింద పెట్టి అష్టాచెమ్మ ఆడవోయిన. ఏడుపు ఇనవడుతాంది. ఎవరి పొల్లగాడో ఇంతసేపు ఏడుస్తుండు, వాళ్లమ్మ ఏడవోయిందో అనుకున్న."

నవ్వుతూ చెప్పినట్టే చెప్పింది. బీరేష్ నవ్వలేదు. తనకు ఇరవై రెండు. అమ్మకు ముప్పై ఏడు. రెండో తరగతి పిల్లవాడు చేసే తీసివేత. గొర్రెలు, కుక్కలు, పెట్రోలు, దాణా, అన్నీ లెక్కేసినవాడు ఈ ఒక్కటి ఎన్నడూ వేయలేదు.

"బాపుకు నీడలు కనవడుతయి గద?" అన్నాడు.

"మంద నీడలు జూస్తరు. మీ తాత జూసిండు, మీ బాపు జూసిండు." పుష్ప సీసా వంచి, పాలు సరిగ్గా దిగుతున్నాయో లేదో చూసుకుంది. "నాదెవరు జూస్తరు?"

వాకిట్లో ఆ మాట విన్న పరమేష్ చేతిలో బీడీ ఆరిపోయింది. దాన్ని మళ్లీ ముట్టించుకోకుండానే కర్ర తీసుకుని మంద వెనక వెళ్లిపోయాడు. ఆ రోజు గోడ వైపు చూడలేదు.

పిల్లలు బతికాయి కానీ బక్కగానే పెరిగాయి. ఒకటి విజేందర్‌కు పోయింది. రెండింటిని అడిగిన ధరకు ఇచ్చేశాడు. చేతికి వచ్చింది రూబీని కొన్న డబ్బులో సగం లేదు. అది తెలిసి విజేందరే ఫోన్ చేశాడు.

"రూబీని నాకియ్యి తమ్మీ. ముప్పై ఐదు వేలిస్త. మల్లొచ్చే ఎదకు నేనే కట్టిచ్చుకుంట. నీ లాస్ అంత పోతది. ఎల్లుండి బండి పంపుత."

ఔననేలోపే పదివేలు బయానా ఫోన్లో పడ్డాయి. బీరేష్ ఆ అంకెను చూసి చాలా రోజుల తరువాత ఊపిరి పీల్చుకున్నాడు. ముప్పై ఐదు వేలు ఉంటే అమ్మ మేకపిల్లలు తిరిగి వస్తాయి, ఇంకా మిగులుతుంది.

ఆ సాయంత్రం అమ్మకు ఆ మాటే చెబుదామని వాకిట్లోకి వచ్చాడు. పుష్ప గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. రూబీ వేలాడే పొదుగుతో, కళ్లు మూసుకుని, ఆమె కాళ్ల దగ్గర పడి ఉంది. ఇద్దరికీ ఒంట్లో ఓపిక ఉన్నట్టు లేదు.

నీడలు మాత్రం వాకిలి చివరి దాకా సాగి ఆడుకుంటున్నాయి. జడల పిల్ల ఏదో విసురుతోంది. కుక్కపిల్ల పరుగున పోయి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెడుతోంది. పిల్ల వంగి దాని తల నిమిరి మళ్లీ విసురుతోంది. ఇన్నేళ్లలో ఆ నీడ ఇంకొకరితో ఆడగా బీరేష్ చూడలేదు. ఎప్పుడూ ఒక్కతే బిళ్ల వేసుకుని ఒక్కతే దాటుకునేది.

గోడ మీదుగా చూస్తున్న సత్తమ్మ గట్టిగా మాట్లాడలేదు. "ఇన్నేండ్లకు జత దొరికింది పిల్లకు" అంది.

బీరేష్ అమ్మ పక్కన కూర్చున్నాడు. "ఇప్పటికన్న ఆగితె పెరుగుతదా అమ్మా, రూబీది?"

పుష్ప చాటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "ఆగింది ఆగినట్టే బిడ్డా."

 బీరేష్ ఫోన్ తీసి పదివేలు వెనక్కి పంపాడు. నిమిషంలోపే విజేందర్ ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

మర్నాడు పొద్దున తన మోటారుబండి బయటికి తీసి, "రూబీని వట్టుకొని ఎనుక కూసుంటవా అమ్మా?" అన్నాడు.

"ఏడికి?"

"పశువుల దవాఖానకు. మళ్ల ఈనకుండ ఆపరేషన్ చేపిస్త."

పుష్ప రూబీని చూసింది, కొడుకును చూసింది.  "ఆగు, చెప్పులు ఏస్కొస్త" అంది.

ఆమె ఎక్కి రూబీని ఒళ్లోకి లాక్కుంది. పొద్దు దొడ్డి మీదుగా లేస్తోంది. ఎదురుగోడ మీద ముందు బీరేష్ నీడ ఉంది, బండి కన్నా పెద్దగా. దాని వెనక ఒళ్లో కుక్కపిల్లను దాచుకుని, రెండు జడల పిల్ల ఒక పక్కకు కూర్చుని ఉంది. కాళ్లు ఫుట్‌రెస్ట్‌కు అందక గాలిలో ఊగుతున్నాయి.

"గట్టిగ పట్టుకో" అన్నాడు బీరేష్. గోడ వైపే చూస్తూ, కిక్ మీద కాలు పెట్టాడు.