వంటామె వంతు

చర్చిలో నెలకోసారి జరిగే ప్రభు బల్లకు రొట్టె ఎవరు చేయాలన్న లిస్టు అక్కగారి దగ్గర ఉంటుంది. నెలకొక ఇల్లు. సంఘం రిజిస్టరులో ఎవరు ముందు చేరితే వారి వంతు ముందు. పద్నాలుగేళ్ళుగా ఆ వరస తప్పలేదు. పురిటికి వెళ్ళేవాళ్ళనూ చేయి విరిగినవాళ్ళనూ కూడా ఆమె ముందే కనిపెట్టి పక్క ఇంటితో సర్దుబాటు చేసేది. పులియని పిండి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె, వేలెడు మందం. ఎవరైనా సొంత తెలివి చూపిస్తే అక్కగారు రొట్టెను తిరగేసి అడుగుభాగం చూసి ఊరుకునేది. ఆ చూపు చాలు, తర్వాతి వంతుకు ఆ ఇల్లు దారిలోకి వచ్చేది. వయసులో తనకన్నా పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్కగారనే పిలుస్తారు.

అలాంటి అక్కగారు సోమవారం నుంచీ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. ఆదివారం బల్ల ఉంది. ఈ నెల వంతు వంటామెది.

వంటామె ఇప్పుడు వంట చేయడం లేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతలు పెడుతుంది. ఆరేళ్ళ కిందట బడి వంటింట్లో చేసేది. పిండి డబ్బాల వరసలో ఎవరో ఎలుకల మందు డబ్బా పెట్టారు. ఎవరు పెట్టారో ఎన్నటికీ తేలలేదు. తీసింది మాత్రం వంటామె. మూత మీద చదవలేదు, వాసన చూడలేదు, భోజనాల గంట కొట్టే వేళయిందని తొందరపడింది. పదకొండు మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. పది మంది తిరిగొచ్చారు.

కోర్టు నాలుగేళ్ళు వేసింది. శిక్ష ముగించుకుని వచ్చాక ఏడాదిన్నరగా చర్చిలో చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చుంటోంది. ఆఖరి పాట అందుకోగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంది. ఆ బెంచీలో ఇంకొకరు కూర్చోగా అక్కగారు చూడలేదు. వందనాలు మాత్రం అందరూ చెబుతారు, వందనానికి పోయేదేముంది. మొన్నటి నెలలో పాస్టరు గారు ఆమె పేరు రిజిస్టరులో చేర్చారు. ఆ పేరుకు ముందున్నవాళ్ళ వంతులన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది ఈమే.

మంగళవారం అక్కగారు పాస్టరు గారింటికి వెళ్ళి, పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడింది. ఆమెది ఒంటి గది, ఓవెన్ లేదు, రోజంతా నిలబడి చేసే ఉద్యోగం, పాపం అలసిపోతుంది, ఈసారికి తనే చేసిపెడుతుంది అని. పాస్టరు గారు అంతా విన్నారు. విని, "అలసిపోయినవాళ్ళ పేర్లన్నీ కొట్టేస్తే మీ లిస్టులో ఎవరు మిగులుతారమ్మా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, వాదించడానికి వీలుండేది.

తిరిగొస్తూ చర్చి వరండాలో వంతుల లిస్టు అంటించిన బోర్డు చూసింది. వంటామె పేరు మీద ఎవరో పెన్సిలుతో గీత కొట్టారు. అక్కగారు రబ్బరు తెప్పించి చెరిపింది. గురువారం కూరలకని వెళ్తూ చూస్తే మళ్ళీ గీత. మళ్ళీ చెరిపింది. చెరుపుతున్నంత సేపూ ఒకటే గుచ్చుకుంది: రెండుసార్లూ ఆ గీత కనబడగానే ముందు తన గుండెల మీంచి బరువు దిగింది, కోపం ఆ తర్వాత వచ్చింది.

శనివారం మధ్యాహ్నం భర్త కునుకు తీస్తుంటే ఆమె పిండి కలిపింది. ఎందుకైనా మంచిదని. ఆదివారం వంటామె రొట్టెకు ఎవరూ లేవకపోతే బల్ల దగ్గర అభాసు కాకూడదు కదా అని తనకు తానే చెప్పుకుంది. ఆమెకోసమే, ఆమె పరువుకోసమే అని కూడా చెప్పుకుంది. రొట్టె చక్కగా కాలింది. బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పింది. చేతులు తుడుచుకుంటుండగా కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో వంటామె. తలకు బిగించి కట్టిన రుమాలు, మొదలంటా కత్తిరించిన గోళ్ళు, చేతిలో గుడ్డ సంచి. లోపలికి వచ్చి, వంటింటి బల్ల చివర సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి పెట్టింది. పిండి పొట్లం, ఉప్పు పొట్లం, చిన్న నూనె సీసా. ఏదీ విప్పలేదు.

"సీళ్ళు మీరే తియ్యండి అక్కగారూ. మీ పొయ్యి దగ్గర, మీ కళ్ళ ముందు చేసుకుని పోతాను. రేపు ఎవరైనా అడిగితే దగ్గరుండి చేయించానని చెప్పొచ్చు మీరు."

ఇల్లంతా రొట్టె వాసన. వంటామె చూపు తెల్లగుడ్డ మీద ఒక్క క్షణం ఆగి తప్పుకుంది. "బాగా కాలినట్టుందండీ," అంది, అంతే. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అక్కగారు తిప్పికొట్టేది. కత్తెర వెతికి సీళ్ళు కత్తిరించింది.

వంటామె పని మొదలుపెట్టింది. పిండి గిన్నెలో పోసే ముందు పొట్లం మీద రాసింది పైకి చదివింది. వాసన చూసింది. వేలికొసతో నాలుక మీద వేసుకుంది. గిన్నె అక్కగారి వైపు తిప్పి చూపించింది. ఉప్పుకీ అంతే, నూనెకీ అంతే. చదవడం, వాసన, నాలుక, చూపించడం. నీళ్ళకి కూడా గ్లాసు పైకెత్తి వెలుతురులో చూపించింది. పిండిలో చేతులు పెట్టాక ఆ చేతులకు పాత పని గుర్తొచ్చింది. మణికట్టు ఆడే తీరు చూస్తే తెలుస్తుంది, వందమందికి కలిపిన చేయి. కానీ ప్రతి నాలుగు పిసుకుళ్ళకూ ఆమె తలెత్తి చూస్తోంది. మీరు చూస్తున్నారా అన్నట్టు.

అక్కగారు అప్పుడు తనను తాను చూసుకుంది. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. జైల్లో నాలుగేళ్ళు ఈమె పక్కన ఎవరో ఒకరు సరిగ్గా ఇలాగే నిలబడి ఉంటారు.

"నేను మెట్ల మీద కూర్చుంటాను," అంది. "నువ్వు కానివ్వు."

వంటామె చేతులు ఆగిపోయాయి. "వద్దండీ. వెళ్ళకండి."

"ఇక్కడ ఉక్కగా ఉంది."

"కిటికీ తీస్తానండీ. మీరు చూడకపోతే ఎలా?"

"నా ఇంట్లో నేనెక్కడ కూర్చోవాలో నువ్వు చెబుతావా?" అని నవ్వబోయింది అక్కగారు. నవ్వు సరిగ్గా రాలేదు. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేసింది.

వాకిటి మెట్ల మీద కూర్చుంది. ఎదురింటి వాళ్ళు పరుపు దులుపుతున్నారు. ఒక స్కూటరు వెళ్ళింది. ఐదు నిమిషాలు గడిచాయో లేదో ఆమెకు గుర్తొచ్చింది. సింకు కింది అరలో బొద్దింకల మందుంది. తెల్లటి పొడి. పాత బిస్కెట్ డబ్బాలో పోసి పెట్టింది, డబ్బా మీద ఏమీ రాయలేదు. ఆ అర పక్కదే పిండి అర.

లేచి నిలబడింది. తలుపు గొళ్ళెం పట్టుకుంది. లోపల పీటకు పిండి తగులుతున్న చప్పుడు, ఒకే లయలో. వెళ్ళి ఆ డబ్బా తీసెయ్యాలి. ఏమని వెళ్ళాలి? మంచినీళ్ళకని వెళ్ళొచ్చు. తలుపు తీయగానే వంటామె ముఖమెత్తి చూస్తుంది, ఎందుకొచ్చిందో ఆమెకు క్షణంలో తెలిసిపోతుంది.

మళ్ళీ కూర్చుంది. ఆ డబ్బా అక్కడికి ఎప్పుడొచ్చింది? పెద్దమ్మాయి నడక నేర్చే రోజుల్లో. అంటే ఇరవై రెండేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా పేరు లేని విషం పిండి పక్కన పెట్టుకుని, తెల్లవారకముందే లేచి, నిద్రకళ్ళతో, బడి బస్సు వస్తోందన్న కంగారులో ఇద్దరు పిల్లలకు వండి పెట్టింది. ఒక్కనాడూ మూత వాసన చూడలేదు. పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారు. తన జాగ్రత్త వల్లనే అనుకుంది ఇన్నాళ్ళూ. తను రొట్టె తిరగేసి చూసిన ఇళ్ళవాళ్ళు వచ్చి ఆ డబ్బా తిరగేసి చూసి ఉంటే ఏమనేవారు?

ఆమె ప్రార్థన చేద్దామనుకుంది. మాటలు రాలేదు. రెండుసార్లు లేచింది, రెండుసార్లు కూర్చుంది. ఎదురింటామె పరుపు లోపలికి మోసుకుపోతూ, తాళం మరిచిపోయారా అని అడిగింది. లేదు, గాలికి కూర్చున్నానంది అక్కగారు. ఆకు కూడా కదలడం లేదు.

నలభై నిమిషాలకు వాసన వచ్చింది. లోపలికి వెళ్ళేసరికి రొట్టె జాలీ మీద ఉంది. వంటామె దానికి దూరంగా, గోడకు వీపు ఆనించి, చేతులు దేనికీ తగలకుండా పైకి పట్టుకుని నిలబడి ఉంది.

"తుడిచే గుడ్డ కోసం సింకు కింద చూశానండీ," అంది మెల్లగా. "అక్కడో డబ్బా ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు. నేను ముట్టుకోలేదు."

అక్కగారు పెన్నూ కాగితమూ తెచ్చింది. పెద్ద అక్షరాలతో రాసి అంటించి, డబ్బా తీసుకెళ్ళి పెరట్లో పెట్టి వచ్చింది. వచ్చి, తెల్లగుడ్డ చూపిస్తూ, "అది నేను..." అని మొదలుపెట్టింది.

"తెలుసండీ," అంది వంటామె. "నేనైనా చేసేదాన్నే."

సాయంత్రం తెల్లగుడ్డ కింది రొట్టె టీతో పాటు భర్త ముందుకు వెళ్ళింది. ఆయన పొలాలు కొలిచే అమీనుగా పనిచేసి రిటైరయిన మనిషి, దేన్నైనా కొలిచి మాట్లాడతాడు. ఒక ముక్క తిని, "బల్ల రొట్టె శనివారమే ఇంటికొచ్చిందంటే, మనం పరిశుద్ధులమైనా అయి ఉండాలి, నువ్వేదో తప్పైనా చేసి ఉండాలి," అన్నాడు. రెండోదే అంది ఆమె.

ఆదివారం చర్చి వెనక గదిలో మందుల షాపామె అక్కగారి కోసం కాచుకుని ఉంది. భుజాన పెద్ద బ్యాగు. అందులోంచి కూడా రొట్టె వాసనే. అక్కగారికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన ఆ పది మంది పిల్లల్లో ఒకడు ఈమె కొడుకు. మూడు రాత్రులు వాడి మంచం పక్కన నేల మీద కూర్చున్న మనిషి. పెన్సిలు గీత ఎవరిదో అక్కగారు ఎన్నడూ ఆరా తీయలేదు, తీయనక్కర్లేకపోయింది.

"ఒక్క మాట చెప్పండి అక్కగారూ," అంది ఆమె. గొంతు తగ్గించలేదు. అక్కడున్న నలుగురైదుగురు ఆడవాళ్ళూ ఇటు తిరిగారు. "మీ ఇంట్లోనే చేసిందట. మీరు దగ్గరుండి చేయించారా? అవునంటే చాలు. నేను నోరెత్తను, ఎవరినీ ఎత్తనివ్వను."

గది మూలన రొట్టె పళ్ళెం పట్టుకుని వంటామె నిలబడి ఉంది. ఆమె కళ్ళు అక్కగారిని బతిమాలుతున్నాయి, అవునని చెప్పమని. సీళ్ళు తీసింది తనే. మొదటి పావుగంట చూసింది తనే. అవునంటే సగం నిజమే. అందరూ లేస్తారు, అందరూ తింటారు. కానీ అప్పుడు వాళ్ళు తినేది అక్కగారి కాపలాను. వంటామె మళ్ళీ తలుపు పక్క బెంచీకే వెళ్తుంది.

"లేదు," అంది అక్కగారు. "నేను వాకిట్లో కూర్చున్నాను. ఆమె ఒక్కతే చేసింది."

మందుల షాపామె బ్యాగు పట్టీ సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ సంఘంలో రొట్టె చేసినవాళ్ళు అందరూ తినేదాకా బల్ల పక్కన నిలబడాలి. ఆఖరి ముక్క వాళ్ళది. పాస్టరు గారు రొట్టె విరిచారు. రండి అన్నారు. ముందు వరస కదలలేదు. వెనక ఎవరో దగ్గారు. అక్కగారు లేచింది. పద్నాలుగేళ్ళలో ఆ పది అడుగులు ఇంత దూరం ఎన్నడూ లేవు. ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. ఒక్క పలుకు ఉప్పు ఎక్కువైంది. ఆ మాట అలవాటుగా మనసులోకి వచ్చినందుకు సిగ్గుపడింది. ఆమె భర్త వచ్చాడు. తర్వాత చూపు సరిగా ఆనని ముసలాయన కర్ర తాటించుకుంటూ. తర్వాత కాసేపు ఎవరూ లేరు. తర్వాత ఒక కుటుంబం, ఇంకొకటి. సగం మంది లేచారు, సగం మంది పాటల పుస్తకాల్లోకి తలలు దించారు. మందుల షాపామె సగం లేచి, బెంచీ పట్టుకుని, మళ్ళీ కూలబడింది.

బల్ల రొట్టె మిగిలితే పారేయకూడదు. చేసినవాళ్ళూ లిస్టు చూసేవాళ్ళూ వెనక గదిలో కూర్చుని తినేయాలి. ఎప్పుడూ గుప్పెడు ముక్కలు మిగిలేవి. ఈసారి పళ్ళెం సగం నిండుగా ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినసాగారు. తింటుంటే తగ్గడం లేదు. ఒక్కో ముక్కకు, లేవనివాళ్ళలో ఒక్కొక్కరు అక్కగారి కళ్ళలో మెదిలారు.

"ఉప్పు కాస్త ఎక్కువైందండీ," అంది వంటామె. "మీరు వెళ్ళిపోయారు కదా. భయంతో రెండోసారి వేశానో ఏమో."

"అయింది," అంది అక్కగారు. "వచ్చేసారి తగ్గించు."

వచ్చేసారి అన్న మాటకు వంటామె నమలడం ఆపి చూసింది.

తలుపు దగ్గర అలికిడైంది. మందుల షాపామె. లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు. బ్యాగులోంచి తన రొట్టె తీసి గుమ్మం పక్క స్టూలు మీద పెట్టింది. "ఇది ఇంటికి తీసుకెళ్తే మా వాడు ఎందుకు చేశావని అడుగుతాడు," అంది ఎటో చూస్తూ. "వాడికి ఇప్పుడు పద్నాలుగు. వాడే అడిగాడు పొద్దున, మమ్మీ నువ్వు తింటావా అని. నాకేం చెప్పాలో తెలీలేదు."

అక్కగారు బెంచీ మీద కాస్త పక్కకు జరిగింది.

వంటామె లేచి నిలబడింది. క్షమించమని అడుగుతుందేమో అనుకుంది అక్కగారు. అడగలేదు, కోర్టులో, ఉత్తరాల్లో, చర్చి మెట్ల దగ్గర ఎన్నోసార్లు అడిగింది. ఇప్పుడు రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, చూడండి అన్నట్టు కొంచెం ముందుకు వంచి పట్టుకుంది. ముందు అందులోంచి ఒక ముక్క తీసి తన నోట్లో వేసుకుంది.

మందుల షాపామె పళ్ళెం వైపు చూస్తూ నిలబడింది, చాలాసేపు. వంటామె పళ్ళెం దించలేదు.