జోడీ కుదరలేదన్నాను

నాకు నోటిదురుసు ఎక్కువ. నా షాపుకి కంప్యూటరు కొనడానికొచ్చి "అన్నిట్లోకీ పెద్దవి వేసిచ్చేయండి" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ఈడూజోడుగా ఉండాలి కదా! ప్రాసెసరు వంటవాడు, కార్డు వడ్డించేవాడు. వండేవాడు నీరసంగా ఉంటే వడ్డించేవాడు ఎంత చురుకైనవాడైతే ఏం లాభం? ఖాళీ గరిటెతో నిలబడాల్సిందే. ఈ మాటే నెమ్మదిగా చెప్పొచ్చు, కానీ నాకు చేతకాదు. అందుకే కస్టమర్లు తగ్గారు. మా ఆవిడ కూడా పదకొండేళ్ళ కిందట పుట్టింటికని వెళ్ళి మళ్ళీ రాలేదు. షాపు వెనకగదిలో ఒక్కణ్ణే ఉంటాను.

అలాంటి నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. ఇళ్ళకి ప్లాన్లు గీసి రిటైరైన మనిషి. నోటుబుక్కులో స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఒక పక్క ప్రాసెసర్లు, ఇంకో పక్క కార్డులు రాసుకొచ్చాడు.

"ముప్పై ఏళ్ళు ఊరందరికీ ఇళ్ళు గీశాను, మా ఆవిడకి మాత్రం ఒక్కటీ కట్టలేకపోయాను. ఆవిడ అడిగిన ఇల్లు ఇప్పుడు కంప్యూటర్లో గీశానండీ. లోపల నడుస్తున్నట్టు చూపించాలంటే నా పాత డబ్బా మొరాయిస్తోంది. ఆవిడకి చూపు పోతోంది. ఆ చూపు ఇంకో మూడు నెలలుంటే గొప్పన్నాడు డాక్టరు. ఈలోగా చూపించాలి."

ఆయనకేం కావాలో అరగంటలో తేలిపోయింది. మధ్యరకం ప్రాసెసరు, దానికి తగ్గ కార్డు. రెండూ నా అల్మరాలోనే ఉన్నాయి. కానీ ఆ అరగంటా ఆయన నేను చెప్పిన ప్రతి మాటా రాసుకున్నాడు. వంటవాడి పోలిక విని పగలబడి నవ్వాడు. నా మాటకి ఎవరైనా నవ్వి ఎన్నేళ్ళయిందో!

"ఈ రెండిటికీ పొసగదండీ. రేపోసారి రండి, ఇంకోటి పెట్టి చూద్దాం" అన్నాను.

శుద్ధ అబద్ధం. ఆ రెండూ పాలూ నీళ్ళలా కలిసిపోతాయి.

ఆయన మర్నాడొచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. బల్లమీద మదర్‌బోర్డు పరిచి, ఒక్కో ప్రాసెసరుకి ఒక్కో కార్డు తగిలించి టెస్టు పెట్టేవాణ్ణి. అది నడిచినంతసేపూ కబుర్లు. టెస్టు అయిపోగానే నేనేదో వంక పెట్టేవాణ్ణి. ఇది వేడెక్కుతోంది, అది వెనకబడుతోంది, వచ్చేవారం కొత్తరకం దిగుతోంది.

"ఆలస్యం అమృతం విషం అన్నారండీ" అన్నాడు ఒకరోజు.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారుగా!" అన్నాను. పాపం, నవ్వి ఊరుకున్నాడు. మూడు నెలల్లో ఒక్క వారం ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఏడు వారాలు లాగాను. సిగ్గులేని మనిషిని.

ఎనిమిదో వారం ఆయన నోటుబుక్కు లేకుండా వచ్చాడు.

"నిన్న గ్లాసు అందిస్తే, ఆవిడ దాని పక్కన గాలిని పట్టుకుంది. పొసగకపోయినా ఫరవాలేదు, ఏదో ఒకటి బిగించెయ్యండి బాబూ" అన్నాడు.

మొదటిరోజు అనుకున్న ఆ రెండిటినే గంటలో బిగించి, నేనే మోసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. ఆవిడ కుర్చీ తెరకి జానెడు దూరంలో వేశాడు. తెరమీద ఆయన గీసిన ఇల్లు తెరుచుకుంది. ఎక్కడా తడబడకుండా వరండా, హాలు, మెట్లు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. అంత చక్కగా నడిచిన మెషీను నేను ఇంతవరకూ బిగించలేదు.

"ఇదిగో, నువ్వడిగిన పెద్ద కిటికీ" అన్నాడాయన.

ఆవిడ మొహం అటూ ఇటూ తిప్పింది. "వెలుగు తెలుస్తోందండీ. కిటికీ ఎటుంది?"

ఆయన ఆవిడ వేలు పట్టుకుని తెరమీద పెట్టాడు. "ఆఁ, బాగుంది" అంది ఆవిడ, వేలు ఆనిన చోటు వదిలేసి ఇంకెటో చూస్తూ.

ఇక ఆగలేకపోయాను. "అమ్మా, తప్పు నాది. ఇవి మొదటిరోజే నా దగ్గరున్నాయి. ఈయన రోజూ వస్తారన్న ఆశతో కుదరలేదని చెప్పాను. మాట్లాడే దిక్కులేక చేశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయ్యో, ఆ మాటేదో అప్పుడే చెబితే ఇక్కడికే రమ్మనేదాన్ని కదా బాబూ" అంది ఆవిడ. "ఈయన మీ దగ్గర కూర్చున్న ఆ పూటలన్నీ నేనిక్కడ ఒక్కదాన్నే. టీవీ కళ్ళకి పడదు. మిగిలిన చూపంతా ఈ గోడలు చూడ్డానికే అయిపోయింది."

పెద్దాయన మౌసు వదిలేసి ఆవిడ పక్కన నేలమీద కూలబడ్డాడు. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. తెరమీద ఇల్లు అలాగే వెలుగుతోంది. నేనే లేచి చెప్పులు వేసుకున్నాను.