ఒకటికి పదైన వాటా

నేను ఒక షేరు కాగితాన్ని. మొహం ముడుచుకోకండి, లెక్కలు చెప్పి విసిగించను. మద్రాసులో ఓ అచ్చుయంత్రం కింద పుట్టాను. చుట్టూ లతల అంచు, మధ్యలో నీళ్లు చిమ్ముతున్న పంపు బొమ్మ, అడుగున ఇద్దరు డైరెక్టర్ల సంతకాలు. ‘వేగవాహిని పంప్స్’ అనే కంపెనీలో యాభై షేర్లకు నేనే రుజువుని. పెళ్లి శుభలేఖ కూడా నా అంత సింగారంగా ఉండదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి మరి, మమ్మల్ని కొన్నవాళ్లు బీరువాలో పడేసి పేపర్లో ధర చూసుకుంటారే తప్ప మా మొహం చూడరు.

నా అదృష్టం, నన్ను కొన్న కోటిలింగం గారు అలాంటివారు కాదు. భీమవరంలో మైకుసెట్లూ రంగు బల్బుల తోరణాలూ అద్దెకిచ్చే మనిషి. గొంతు పెద్దది, సంబరం ఇంకా పెద్దది. ఆయన భార్య సత్యవేణి గారు ముందుగదిలో ఆడపిల్లలకు కూచిపూడి నేర్పేవారు. పెళ్లిళ్ల రోజులు అయిపోయి సౌండు బాక్సులన్నీ ఇంటికి చేరాయంటే ఆ గదిలో చెయ్యి చాపే చోటుండేది కాదు. పిల్లలు బాక్సుల సందుల్లో అడుగులేసేవారు, మోచేతులు గీరుకుపోయేవి. మేడమీద ఒక హాలు వేయించుకోవాలన్నది ఆవిడ ఏకైక కోరిక. ఇద్దరూ ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా పోసి నన్ను కొన్నది అందుకే. అంటే ఆవిడ హాలు నా మీద ఆధారపడి ఉందన్నమాట. నాకెంత గర్వంగా ఉండేదో!

కొన్న వారానికే కోటిలింగం గారు నన్ను ముద్దు చేశారు. బస్టాండు దగ్గర కొత్తగా వచ్చిన షాపులో లామినేషన్ చేయించి, నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి పటాల పక్కన నిలబెట్టారు. నా వెనకవైపు గళ్లుంటాయనీ, ఎవరికైనా అమ్మితే కొన్నవాళ్ల పేరు అక్కడే రాసి ముద్ర వేయాలనీ, ప్లాస్టిక్ తొడిగేస్తే ఇక అమ్మడానికి లేదనీ ఆ మహానుభావుడికి తట్టలేదు. నేనేమో కొత్త చొక్కా తొడిగినట్టు మెరిసిపోతూ కూర్చున్నాను.

రెండేళ్లు హాయిగా గడిచాయి. ఒకరోజు కోటిలింగం గారి తమ్ముడు వీరభద్రం ఊడిపడ్డాడు. రైసుమిల్లులో గుమస్తా, షేర్ల సంగతులన్నీ తనకే తెలుసని అతని నమ్మకం.

“వదినా, ఆ పంపులు ఇవాళే అమ్మిపారేయండి! బిస్కట్ల కంపెనీ ఒకటుందండి, వాళ్లు షేరుని ఒకటికి పది చేస్తున్నారు. ఇప్పుడు యాభై కొన్నామంటే వచ్చే నెలకి అయిదొందలండి బాబూ!”

కోటిలింగం గారు ఆ క్షణానే హాలు పక్కన ఇంకో గది కూడా కట్టేశారు, నోటితోనే. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు పూజలు చేసి, బిస్కట్ల కోసం నన్ను వదిలేస్తారా?

అన్నదమ్ములిద్దరూ నన్ను సంచీలో పెట్టుకుని, షేర్లు అమ్మిపెట్టే బేరగాడి దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన నన్ను తిప్పి చూసి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

“ముద్ర ఎక్కడ కొట్టమంటారండీ, నా నుదుటి మీదా? కంపెనీకి రాసుకుని వేరే కాగితం తెప్పించుకోండి. నెలలు పడుతుంది.”

వీరభద్రం తల పట్టుకున్నాడు. తన డబ్బు పెట్టి బిస్కట్లు తను కొనుక్కున్నాడు. కోటిలింగం గారు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, కంపెనీకి పంపాల్సిన దరఖాస్తు నింపడం మొదలుపెట్టారు.

సత్యవేణి గారు మాత్రం ఈలోగా రెండు రోజులు ఊరంతా తిరిగి వాకబు చేశారు. కిరాణా కొట్టులో అడిగితే, ఆ బిస్కట్ల డబ్బాలు అమ్ముడుపోక బూజు పడుతున్నాయని తేలింది. నాట్యం నేర్చుకునే ఒక పిల్ల తండ్రి, పెనుమత్స విజయరామరాజు గారికి చేపల చెరువులున్నాయి. ఆయన్ని వేగవాహిని పంపుల సంగతి అడిగారు. “డబ్బు కట్టి ఆర్నెల్లు కాచుకున్నానమ్మా,” అన్నారాయన. “ఆకివీడు దాకా చెరువులు తవ్వేస్తున్నారు. ఆ పంపు దొరకడమే గగనం.”

ఆ సాయంత్రం ఆవిడ దరఖాస్తు మీద చెయ్యి పెట్టి ఆపారు.

“ఒకటి పదైతే ఒక్కోదాని ధర పదో వంతవుతుంది కదండీ. మీ పెద్ద సౌండు బాక్సు విప్పేసి పది చిన్నవి చేశారనుకోండి, పాట పెద్దదవుతుందా?”

కోటిలింగం గారు కాసేపు నిజంగానే ఆలోచించారు. “అవదు. కానీ పది పెళ్లిళ్లకి అద్దెకివ్వొచ్చే!”

సత్యవేణి గారు పకపకా నవ్వారు. “అది మాత్రం నిజమేనండోయ్! కానీ ముందు బాక్సు మంచిదో కాదో చూసుకోవాలిగా. పగిలిన బాక్సుని ఎన్ని చేస్తే ఏం లాభం? పంపులే ఉండనివ్వండి.”

మాట గట్టిగానే అన్నారు గానీ, ఆ తర్వాత చాలా రోజులు ఆవిడకు బెంగే. తన లెక్క తప్పితే ఆ పిల్లలు బాక్సుల సందుల్లోనే మిగిలిపోతారు. పొద్దున దీపం పెట్టేటప్పుడు నా వంక చూసే ఆ చూపు నాకు తెలుసు. నేను కాగితాన్ని, భరోసా ఇవ్వడానికి నాకు నోరు లేదు.

చెరువులు పెరిగాయి, పంపులు అమ్ముడయ్యాయి, నా ధర ఏటేటా పైకి పాకింది. ఆపైన మా కంపెనీ కూడా షేరుని ఒకటికి పది చేస్తున్నట్టు ఉత్తరం రాసింది. ఇక చూడండి, కోటిలింగం గారు డాబా మీదికి మైకు ఎక్కించి వీధి వీధంతటికీ చాటింపు వేశారు. “మాకు అయిదొందల షేర్లు!” ఆవిడ లడ్డూలు పంచుతూనే పక్కింటివాళ్లకి చెప్పారు. “నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉందండి. పెరిగింది అంతకుముందే.”

అయితే ఆయన చెప్పిన పది పెళ్లిళ్ల మాటా నిజమైంది. ప్లాస్టిక్ సంగతి అలా ఉంచినా, నేను ఒక్కదాన్నే ఉన్నంతకాలం అమ్మితే మొత్తం అమ్మాలి, విడగొట్టి కొంచెమే అమ్మబోతే బేరగాళ్లు ధర తెగ్గొడతారు. కొత్తవి వందేసి షేర్లకు ఒకటి చొప్పున అయిదు కాగితాలుగా వచ్చాయి. రెండు అమ్మి హాలు వేయించారు, మూడు దాచుకున్నారు. వాటితోపాటే పాతది చెల్లదని నా చావుకబురూ వచ్చింది. బాధపడలేదంటే అబద్ధం. కానీ మేడ మీద తాపీ చప్పుడు వినబడగానే ఆ బాధ ఎటు పోయిందో తెలియదు.

హాలు తెరిచిన రోజు వీరభద్రమూ వచ్చాడు. అతని బిస్కట్ల షేర్లు ఇప్పుడు బోలెడు, అన్నీ కలిపినా కొన్న ధరలో సగం రావు. హాలు గోడకు నన్ను అద్దాల ఫ్రేములో చూసి నోరు తెరిచాడు.

“చెల్లని కాగితానికి ఇంత ఫ్రేమెందుకు వదినా? ఏం మిగిలిందని ఇందులో?”

సత్యవేణి గారు తట్టుకర్ర అందుకుని తాళం వేశారు. ఇరవై మంది పిల్లలు చేతులు బారచాపి, ఎవరి మోచెయ్యీ ఎక్కడా తగలకుండా, ఒక్కసారిగా అడుగేశారు. కొత్త గచ్చు ఘల్లుమంది, గోడ మీద నేను అదిరిపడ్డాను.

“కింద చూడు వీరభద్రం,” అన్నారావిడ. “వాళ్లు తొక్కుతున్నది దాన్నే.”