భయపడేవాడి చేతిలో ఈల

మా ఇంటి వెనక గోడకూ కొండకూ మధ్య గడ్డి తప్ప మరేమీ లేదు. కొన్నేళ్ల కిందట వేసవిలో అడవి అంటుకున్నప్పుడు, మంట ఆ గడ్డి మీదుగానే వచ్చి మా పాత ఇంటిని బూడిద చేసింది. అదే పునాది మీద మళ్లీ కట్టుకున్నాను. అప్పటినుంచి సాయంత్రం కళ్లద్దాల షాపు మూసి ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా వెనక తలుపు తీసి గాలి వాసన చూస్తాను. అడిగినవాళ్లకు జాగ్రత్త అని చెప్పేవాణ్ణి. భయమని నాకు తెలుసు.

అందుకే ఆ గడ్డిని ఎండలు ముదరకముందే మనమే కాల్చేద్దామని అందరూ అన్నప్పుడు, నేను వద్దన్నాను.

మీటింగు బడి గదిలో జరిగింది. పిల్లల బెంచీలు కావడంతో మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"ఇదివరకు మా శాఖ వాళ్లే తేదీ పెట్టి కాల్చేవాళ్లు," అంది అటవీ ఆఫీసరమ్మ. "ఆ తేదీకి గడ్డిలో తడి ఉండి మంట అదుపులో ఉండేది. ఇప్పుడు చలి పూర్తిగా పోకముందే ఎండిపోతోంది. మా తేదీలు పనికిరావడం లేదండీ. రోజూ చూసే మీరు చెబితే తప్ప మాకు తెలియదు."

"నా గొర్రెలు మేసినంత మేస్తాయి," అన్నాడు కాపరి. "మిగిలేది ముళ్లగడ్డి. దాన్ని వాటి తాతలు కూడా ముట్టుకోలేదు."

గడ్డి అంచున ఉన్న ప్రతి ఇల్లూ ఒప్పుకుంటేనే నిప్పు పెట్టాలన్నది ఈ కాల్చేవాళ్లంతా కలిసి పెట్టుకున్న నియమం. కిందటి ఏడాది నా మూలంగానే ఆగిపోయింది. నా వెనక నన్ను 'వద్దుగారు' అంటారని తెలుసు.

"మామయ్యా, ఈసారి నీ నోట ఇంకో మాట వస్తుందేమోనని టీ కూడా తాగకుండా వచ్చా," అంది మేనకోడలు. తను ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తుంది.

ఆఫీసరమ్మ ఒక ఈల తీసి బెంచీ మీద పెట్టింది. "ఇది ఊదితే అందరం ఆపేసి ఆర్పేస్తాం. ఎందుకని ఎవరూ అడగరు. అందరికంటే ఎక్కువ భయపడేవాళ్ల దగ్గరే ఇది ఉండాలి. మేం పనిచేసే పద్ధతి ఇదే."

అందరూ నావైపు చూశారు. వెక్కిరింపేమో అనుకున్నాను. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ఈల తీసుకుని, సరే అన్నాను.

నిప్పు పెట్టాల్సిన రోజు పొద్దున్నే కాపరి గడ్డిని పిడికిట్లో నలిపి తడి చూసి, ఆఫీసరమ్మకు తల ఊపాడు. మేనకోడలి బృందం నీళ్ల బండిని మా గోడ పక్కనే నిలిపింది. గాలికి ఎదురుగా సాగేలా నిప్పు పెట్టారు. మోకాలెత్తు కూడా లేని మంట, చంటిపిల్లాడిలా పాకుతోంది. అంతా సవ్యంగా ఉందని నా కళ్లు చెబుతూనే ఉన్నాయి. ఇంతలో పొగ వాసన వచ్చింది. మెడ వెనక ఏదో బిగుసుకుంది.

ఊదాను.

క్షణం ఆలస్యం చేయకుండా ఆర్పేశారు. తడి ఉండే పొద్దులు ఇంక ఎక్కువ లేవు. అవి దాటితే గడ్డి మళ్లీ వేసవిదాకా అలాగే నిలబడి ఉంటుంది. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. తిట్లకోసం ఎదురుచూశాను.

కాపరి మసి తుడుచుకుంటూ, "ఈల బాగానే మోగుతోంది," అన్నాడు.

"టీ పెట్టు మామయ్యా. నీ పుణ్యాన గొంతు ఎండిపోయింది," అంది మేనకోడలు, పైపు చుడుతూ.

అందరూ నా వంటగదిలోకి వచ్చారు. కప్పుల మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి. ఎవరూ కారణం అడగలేదు. ఇన్నాళ్లూ నా భయానికి రకరకాల చొక్కాలు తొడిగాను: గాలి ఎక్కువగా ఉంది, గోడ నల్లబడుతుంది, చట్టం ఒప్పుకోదు. అడిగేవాళ్లే లేకపోయేసరికి అది ఒంటిమీద ఏమీ లేకుండా నా ఎదుట నిలబడింది. నేననుకున్నంత పెద్దదేమీ కాదు. అది నాకు చూపించినందుకు ఆ మసి ముఖాలకు దణ్ణం పెట్టాలనిపించింది. బదులుగా ఇంకాస్త చక్కెర వేశాను.

"అక్కడ ఏమీ జరగలేదు. వాసనకు భయపడ్డాను," అన్నాను.

"అర్థమైందండీ," అంది ఆఫీసరమ్మ. "రేపు కూడా తడి ఉండేలా ఉంది. రమ్మంటారా?"

"రండి."

మేనకోడలు కప్పు కింద పెట్టింది. "ఇంకోసారి అను మామయ్యా, సరిగా వినిపించలేదు."

మర్నాడు ఈల పళ్ల మధ్యే ఉంది. పొగ వాసన వచ్చింది, మెడ బిగుసుకుంది. ఊదలేదు. కానీ భయపడేవాడి చూపు ఊరికే ఉండదు. మంట ఒక ముళ్లపొద వైపు తిరగడం అందరికంటే ముందు నాకే కనబడింది. ఈల నోట్లోంచి తీసి, "ఆ మూల చూడవే," అన్నాను. మేనకోడలు అప్పటికే పైపు తిప్పింది. పని ఆగలేదు. మధ్యాహ్నానికి మంట మా గోడదాకా వచ్చి, కాలడానికి ఏమీ లేక ఆరిపోయింది.

ఈల తిరిగి ఇవ్వబోయాను.

"భయం పోయిందా?" అన్నాడు కాపరి.

"లేదు."

"అయితే మీ దగ్గరే ఉంచుకోండి. కొండ అవతలి వాలు మిగిలే ఉంది. వచ్చే ఏడు ఇంకా ముందే మొదలుపెట్టాల్సి వస్తుందేమో."

ఈలను వెనక తలుపు పక్కన మేకుకు తగిలించాను. సాయంత్రం అలవాటు చొప్పున తలుపు తీశాను. నల్లటి నేల మీంచి కాలిన వాసన వచ్చింది. మెడ కాస్త బిగుసుకుంది. తలుపు తీసే ఉంచి, కప్పులు కడగడానికి వెళ్లాను.