మంచం కిందే ఉందండీ

వెచ్చగా ఉంది.

ఒళ్ళో బరువు. బరువులో ఊపిరి. ఊపిరిలో సన్నటి గురగుర — ఎక్కడో, మూసిన తలుపు వెనక, ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు...

ఆమె కదల్లేదు. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

ఎవరి దగ్గరికీ రాని పిల్లి వచ్చింది.

ఊరెళ్ళిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పిల్లుల్నీ కుక్కల్నీ చూసుకోవడం ఆమె పని. తాళం తీస్తుంది. గిన్నెలు కడుగుతుంది. పిల్లుల దొడ్డి తొట్టిలో ఇసుక మారుస్తుంది. ఇంటివాళ్ళ దగ్గర ముద్దులొలికే పిల్లులు ఆమెను చూసి బీరువా ఎక్కేస్తాయి. ఇంటివాళ్ళను రక్కే పిల్లులు ఆమె కాళ్ళకు చుట్టుకుంటాయి. అలవాటే. తిరిగొచ్చినవాళ్ళకు ఉన్నదున్నట్టు నవ్వుతూ చెప్పేస్తుంది. ఎప్పుడూ వెనకాడలేదు.

ఈ ఇల్లు వాచీలు బాగుచేసే ఆయనది.

కంటి ఆపరేషనుకని అక్కగారి ఊరు వెళ్ళాడు. వెళ్ళేముందు, సంచి చేత్తో పట్టుకుని కూడా గడప దాటలేక, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. అసలు పిల్లి మాత్రం మంచం కింద నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

అది ఆయన భార్య పిల్లి. బూడిద అని పిలిచేది ఆవిడ. ఆవిడ పోయిన రోజు మంచం కింద దూరింది. అప్పట్నుంచీ ఆయన అలికిడైతే బయటికి రాదు. ఆయన కొట్టుకు వెళ్ళాకే తింటుంది. చేపలు తెచ్చాడు. బతిమాలాడు. నేల మీద పక్క పరుచుకుని, మంచం కిందికి చెయ్యి చాచి పడుకున్నాడు — ఏడాదిగా.

"నాకే రాదు, మీకేం వస్తుంది," అన్నాడు. "గిన్నె పెట్టి వెళ్ళిపోండి."

ఆ మాటలో బాధ ఉంది. బాధ అడుగున చిన్న ధీమా కూడా ఉంది — తనకు దక్కనిది ఇంకెవరికీ దక్కదని.

ఆమె గిన్నె పెట్టింది. అలిసిపోయి ఉంది... గోడకు చేరగిలబడింది. పిలవలేదు. వంగి చూడలేదు. కళ్ళు మూసుకుంది.

ఒళ్ళో బరువు.

అప్పుడు ఫోను మోగింది. ఆయనే.

ఆపరేషను బాగానే జరిగిందట. కంటికి కట్టు కట్టారట. అక్క పేపరు కూడా ముట్టుకోనివ్వడం లేదట. అవన్నీ చెప్పి, గొంతు తగ్గించి అడిగాడు —

"బయటికొచ్చిందా?"

ఆమె ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. గురగుర వినపడకుండా తల పక్కకు తిప్పుకుంది.

"లేదండీ. మంచం కిందే ఉంది."

అవతల నిట్టూర్పు. అందులో దిగులుందో, ఊరట ఉందో...

రెండూ ఉన్నాయి. ఆ నిట్టూర్పు ఆమెకు తెలుసు.

ఆమెకో కూతురుంది. వారమంతా తండ్రి, సవతి తల్లి దగ్గర. ఆదివారం ఆమె దగ్గర. వచ్చిన పిల్ల కుర్చీ అంచున కూర్చుంటుంది. పెట్టింది తింటుంది. బాగుందంటుంది. దాహమేస్తే — "నీళ్ళు తాగొచ్చా అమ్మా?" అని అడుగుతుంది.

కన్నతల్లి ఇంట్లో. నీళ్ళకి.

ఒకసారి పిల్ల మరిచిపోయిన స్వెట్టరు ఇవ్వడానికి ఆ ఇంటికి వెళ్ళింది. మెట్ల మీదే ఆగిపోయింది. లోపల కూతురు గొంతు. అరుస్తోంది — "పిన్నీ, నా దువ్వెన మళ్ళీ తీశావు కదూ!" పిన్ని ఏదో అంది. పిల్ల ఎదురు చెప్పింది. పిన్ని ఇంకేదో అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు...

తనతో ఆ పిల్ల ఒక్కసారీ పోట్లాడలేదు.

ఒక్కసారీ.

స్వెట్టరు గడియకు తగిలించి, పిల్లిలా అడుగులేసుకుంటూ దిగి వచ్చేసింది. అక్కడా అంతేలే, అక్కడా నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది — అని ఎవరైనా ఒక్క అబద్ధం చెప్పి ఉంటే, ఆ రోజు రెండు ముద్దలు తినగలిగేది.

అందుకే ఆయనకలా చెప్పింది. రోజూ చెప్పింది. పిల్లి వెల్లకిలా పడి పొట్ట చూపిస్తున్నా, ఆమె వేలు పట్టుకుని నిద్రపోతున్నా...

మంచం కిందే ఉందండీ.

మంచం కిందే ఉందండీ.

ఆయన చెప్పినదానికంటే ముందే వచ్చేశాడు.

తాళం తిరిగింది. నల్ల కళ్ళద్దాలతో గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లి ఆయన్ని ఒక్క చూపు చూసింది. ఒళ్ళోంచి జారింది. తూములోకి నీళ్ళు పోయినట్టు మంచం కిందికి పోయింది.

ఆయన సంచి కింద పెట్టాడు. ఆమె బట్టల నిండా అంటుకున్న బూడిదరంగు వెంట్రుకలు చూశాడు. బాగైన కన్ను. అన్నీ కనిపిస్తున్నాయి.

"రోజూ వచ్చేదా?"

"వచ్చేదండీ."

"మరి రోజూ..." మంచం అంచున కూర్చున్నాడు. తప్పు తనదే అయినట్టు అడిగాడు — "ఏం చేశారు మీరు?"

"ఏమీ చేయలేదండీ. దాన్నుంచి నాకేమీ అక్కర్లేదు. అంతే."

అనేశాక ఆ మాట ఆమెకే తగిలింది. లోపల ఎక్కడో... తగిలి అక్కడే ఉండిపోయింది.

"నాకు అదొక్కటే మిగిలింది," అన్నాడాయన. "అక్కర్లేకుండా ఎలా ఉంటాను?"

ఆమె లేచి బట్టలు దులుపుకుంది.

వెళ్ళబోతుంటే, తలెత్తకుండానే ఆపాడు. రేపు కూడా రమ్మన్నాడు. తను వంటింట్లో ఉంటాడట. కనిపించడట. దగ్గొచ్చినా బిగబట్టుకుంటాడట. ఆ గురగుర విని ఏడాదయింది, వింటానంతే, అన్నాడు.

రేపు ఆదివారం. ఎల్లుండి వస్తానంది.

ఆదివారం కూతురు వచ్చింది.

ప్రతి ఆదివారం ఆమె కూతురికి ఎదురుగా కూర్చుంటుంది. బడి ఎలా ఉంది, ఏం తిన్నావు, నేను గుర్తొచ్చానా — ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తిప్పుకోనివ్వకుండా.

ఈ ఆదివారం అడగలేదు.

పొయ్యి దగ్గరికి వెళ్ళి, గదికి వీపు పెట్టి నిలబడింది. ఉల్లిపాయ తరిగింది. వెనక్కి చూడమని మెడ పీకుతోంది. చూడలేదు.

గదిలో చప్పుడు లేదు.

చాలాసేపు లేదు.

తర్వాత కుర్చీ కిర్రుమంది. చిన్న అడుగులు... వంటింటి గడప దాకా వచ్చి —

ఆగాయి.

ఆమె ఊపిరి బిగబట్టింది. వీపు మీద ఏదో వెచ్చగా... కిటికీలోంచి పడే ఎండో, చూపో.